పూలమ్మ పన్ను, ఫారం తొమ్మిది

మనిషి శరీరం ఒక్కటే అన్న మూఢనమ్మకాన్ని హనుమకొండలోని మా దవాఖాన పదకొండేళ్ల కిందటే అధికారికంగా తొలగించింది. ఆ ఏడాది వెలువడిన ఉత్తర్వు ప్రకారం ఒంట్లో పారే నెత్తురు, అందులోని చక్కెరతో సహా, పాత బ్లాకుకు చెందుతుంది. నోరు, అందులోని పళ్లు, చిగుళ్లు, నాలుక కొత్త బ్లాకువి. (గొంతు ఎవరిదన్నది ఇంకా పరిశీలనలో ఉంది. అందాకా గొంతు నొప్పి ఉన్నవాళ్లు ఓపిక పట్టాలని మనవి.)

చిగుళ్ల నుంచి నెత్తురు వస్తే అది ఏ బ్లాకు కిందికి వస్తుందని మొదటి నెలలోనే ఒక రోగి అడిగాడు. కారనంతవరకు పాత బ్లాకు, కారాక కొత్త బ్లాకు, ఉమ్మేశాక పారిశుద్ధ్య విభాగం అని అప్పటికప్పుడు తేల్చాం. తేల్చింది నేనే. పేరు రాంప్రసాద్. ఆ దవాఖాన ఆఫీసులో సూపరింటెండెంటుగా పనిచేసి నాలుగేళ్ల కిందట రిటైరయ్యాను. దవాఖాన పేరు చెప్పను, సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుంది.

ఈ ఏర్పాటు ఊరికే రాలేదు. ఒకసారి షుగరున్న మనిషికి, షుగరెంతో అడగకుండానే పన్ను పీకారు. పుండు రెండు నెలలు మానలేదు. విచారణ జరిగింది. తప్పెవరిదో తేలలేదు గానీ, ఇకముందు తప్పు ఎవరిదీ కాకుండా చూడాలన్నది మాత్రం తేలింది. ఆ చూసే పని నాకు అప్పగించారు. నేను ఫారం తొమ్మిది తయారు చేశాను.

ఫారం తొమ్మిది చాలా తేలిక. షుగర్ రోగి నోట్లో పళ్ల డాక్టరు చెయ్యి పెట్టాలంటే, "షుగర్ అదుపులో ఉంది" అని పాత బ్లాకు రాసివ్వాలి. పాత బ్లాకు అలా రాసివ్వాలంటే, "నోట్లో వాపు, చీము లేవు" అని కొత్త బ్లాకు రాసివ్వాలి. ఎందుకంటే చిగుళ్లు చెడితే షుగర్ దిగదు, షుగర్ దిగకపోతే చిగుళ్లు మానవు. రెండు వైపులా వైద్యశాస్త్రం ఉంది. మధ్యలో కౌంటర్ ఉంది. కౌంటర్లో కుమారస్వామి ఉన్నాడు.

ఫారంలో ఇరవై రెండు గడులుంటాయి. రోగి నింపాల్సినవి ఇరవై ఒకటే. చివరి గడిని, జనం శ్రమ తగ్గించాలని, ముందే నింపి అచ్చు వేయించాం. ఆ ఆలోచనకు అప్పట్లో నాకు శాలువా కప్పారు.

ఇంతటి ఏర్పాటును ఏడు వారాల పాటు దగ్గరుండి చూసే భాగ్యం మా వీధి పూలమ్మ వల్ల కలిగింది.

పూలమ్మది సకినాల వ్యాపారం. పెళ్లిళ్లకు, సీమంతాలకు డబ్బాలకు డబ్బాలు చేసి పంపుతుంది. కోడలు వినోద బియ్యప్పిండి కలిపి గుడ్డ మీద చుట్లు చుడుతుంది, పూలమ్మ నూనె దగ్గర కూర్చుంటుంది. ఒక్కో వాయి దిగగానే అందులోంచి ఒక సకినం తీసి, కుడి దవడ పన్ను కింద పెట్టి కొరుకుతుంది. కొరికి, కళ్లు మూసుకుని ఆ చప్పుడు వింటుంది. రుచితో పని లేదు. చప్పుడు బాగుంటే వాయి డబ్బాలోకి, లేకపోతే పక్కింటి బర్రెకు. నలభై ఏళ్లుగా ఇదే పద్ధతి. నిరుడు ఎవరో వచ్చి తూకం, తేమ కొలిచే మిషన్లు చూపిస్తే, "నా పన్నుకంటె మంచిగ చెప్తదా గిది?" అని పంపేసింది.

(వాయికి ఒకటి చొప్పున రోజుకు ఎన్ని సకినాలు లోపలికి పోతున్నాయో, అవి తనకున్న షుగరును ఏం చేస్తున్నాయో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. స్వీట్లు ముట్టనని మాత్రం గర్వంగా చెబుతుంది.)

ఒక సోమవారం పొద్దున కుడి చెంప మీద చెయ్యి పెట్టుకుని మా గేటు దగ్గర నిలబడింది.

"సారూ, జర నాతోని దవాఖానకు రారాదుండ్రి. ఈ పక్క పన్ను ఊగుతాంది. యాపపుల్ల ఏస్తే నెత్తురే నెత్తురు."

"ఎన్నాళ్ల నుంచి?"

"నెల దాటింది. నెత్తురుకేమాయె, నెత్తురు అందరికీ వస్తది. పన్ను ఊగుతాంది, గందుకే ఫికర్ పట్టుకున్నది. తొర్రూరు పెండ్లి ఆర్డర్ ఉన్నది."

నెత్తురు అందరికీ వస్తుందన్న మాట నాకు సబబుగానే తోచింది. నాకూ వస్తుంది. నాకూ పన్నెండేళ్లుగా షుగరుంది. కాకపోతే నా విషయంలో అది బ్రష్షు తప్పు. ఈ ఏడాది నాలుగు కంపెనీలు మార్చి చూశాను, ఒక్కళ్లకూ బ్రష్షు చేయడం రాదు.

మంగళవారం కొత్త బ్లాకులో షుగర్ రోగుల పళ్లు చూసే రోజు. లైన్లో నిలబడి కుమారస్వామి దగ్గరికి చేరేసరికి పదిన్నరయింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నా చేతి కింద పనిచేసిన మనిషి, మర్యాద తెలిసినవాడు.

"యాప్‌ల టోకెన్ తీసుకున్నరా పెద్దమ్మా?" అన్నాడు పూలమ్మతో.

"నాకేమెర్క బిడ్డా గవన్ని."

కుమారస్వామే యాప్ తెరిచాడు. ఏ పన్ను అని అడిగింది యాప్. ఒకటి నుంచి ముప్పై రెండు దాకా అంకెలు చూపించింది.

"ఏ పన్ను పెద్దమ్మా?"

"సకినం కొరికే పన్ను."

అది జాబితాలో లేదు. చివరికి "ఇతరములు" నొక్కాడు. తర్వాత ఫారం తొమ్మిది తీసి, పాత బ్లాకు కాగితం తెచ్చారా అని అడిగాడు. తేలేదన్నాం. "మరి ఎట్ల సార్, మీరు పెట్టిన రూలే గద" అన్నాడు వినయంగా. నాకు గర్వంగానే అనిపించింది. నేను లేకపోయినా నా రూలు నిలబడి ఉంది, పూలమ్మ పన్నులా ఊగడం లేదు.

అయినా పాత పరిచయం కొద్దీ డ్యూటీ డాక్టరు దగ్గరికి పంపాడు. ఆయన రెండడుగుల దూరంలో నిలబడి టార్చి వేసి చూశాడు. (చూస్తే పరిశీలన, తాకితే చికిత్స. చికిత్సకు ఫారం కావాలి.) "చిగుళ్లు బాగా వాచినయ్. షుగర్ తగ్గించుకుని, కాగితం తీసుకొని రాండ్రి" అన్నాడు.

శుక్రవారం పాత బ్లాకులో షుగర్ ఓపీ. అక్కడ డాక్టర్ శ్యాంసుందర్. మంచి మనిషి, మంచి డాక్టరు కూడా. రిపోర్టు చూశాడు. మూడు వందల పన్నెండు.

"నోట్లో ఏమన్నా ఇబ్బంది ఉన్నదా అమ్మా?"

"పన్ను ఊగుతాంది సారూ. చిగుళ్లు వాచినయ్."

"మరి గదీ సంగతి. లోపల చీముంటే నేను మందు ఎంత పెంచినా షుగర్ దిగది. ముందు పండ్ల డాక్టర్‌కు చూపించుకొని, వాపు తగ్గిందని కాగితం తీసుకరా. అప్పుడు మందు సంగతి చూద్దాం."

పూలమ్మ నా వైపు చూసింది. నేను గోడ మీది పోస్టరు వైపు చూశాను. "మధుమేహం ఉన్నవారు ఆరు నెలలకోసారి పళ్లు, చిగుళ్లు పరీక్ష చేయించుకోవాలి" అని దాని మీద రాసి ఉంది. ఎలా చేయించుకోవాలో రాయడానికి చోటు చాలలేదనుకుంటాను.

అలా నాలుగు వారాలు గడిచాయి. మంగళవారం కొత్త బ్లాకు, శుక్రవారం పాత బ్లాకు. మధ్యలో ఒకసారి మందుల షాపతను ఇచ్చిన మాత్రలతో షుగర్ రెండు వందల ఇరవైకి దిగింది. శ్యాంసుందర్ మనసు కరిగి, "ఫరవాలేదు, తగ్గుతున్నది" అని శుక్రవారం రాసిచ్చాడు. ఆ కాగితం పట్టుకుని మంగళవారం పోయాం. కుమారస్వామి తేదీ చూసి నొచ్చుకున్నాడు. నెత్తురు రిపోర్టు మూడు రోజుల వరకే చెల్లుతుంది. శుక్రవారం నుంచి మంగళవారానికి నాలుగు రోజులు.

"నెత్తురు గూడ పాచిపోతదా బిడ్డా?" అని అడిగింది పూలమ్మ.

ఈ లోపం నా దృష్టికి రాలేదని ఎవరూ అనుకోవద్దు. సర్వీసులో ఉండగానే గమనించాను. శుక్ర, మంగళవారాల మధ్య దూరాన్ని మూడు రోజులకు కుదించాలని పైకి ప్రతిపాదన కూడా పంపాను. జవాబు రాలేదు.

అయిదో వారంలో తొర్రూరు ఆర్డరు వెళ్లింది. ఆరో వారంలో తిరిగొచ్చింది.

పెళ్లికూతురి తల్లి శోభారాణి స్వయంగా ఆటోలో డబ్బాలు వేసుకుని వచ్చింది. పద్నాలుగేళ్లుగా పూలమ్మ దగ్గరే చేయిస్తున్న మనిషి. కోపంగా లేదు, అదే బాధ. "పూలక్కా, ఏమనుకోకు. సకినాలు మెత్తగున్నయ్. మావోళ్లు నోట్లేసుకొని ఒకళ్ల మొకం ఒకళ్లు చూసుకున్నరు. నీ చెయ్యి కాదనుకున్నరు" అంది. డబ్బాలు అరుగు మీద పెట్టి, నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయింది.

పూలమ్మ ఒక సకినం తీసింది. ఎడమ పక్కన కొరికింది. మళ్లీ కొరికింది. అప్పుడు ఏం జరిగిందో ఆమెకు అర్థమైంది, చూస్తున్న నాకూ అర్థమైంది. కుడి పన్ను నొప్పి పెడుతున్నకొద్దీ, ఆమెకు తెలియకుండానే, నొప్పి పెట్టని చప్పుడే మంచి చప్పుడైపోయింది. వారం వారం సకినం కాస్త కాస్త మెత్తబడుతూ వచ్చింది. గట్టిగా ఉన్న మంచి వాయిలన్నీ బర్రెకు పోయాయి. (బర్రె మాత్రం ఆ ఆరు వారాలు ఎన్నడూ లేనంత సంతోషంగా ఉంది.)

"వినోద గూడ అన్నది సారూ, అత్తమ్మా మెత్తగైతానయ్ అని. ఫోన్ చూసుకుంట కొరికితె నీకేం తెలుస్తదే అని కసిరిన" అంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పన్ను నొప్పికి ఏడవని మనిషి. నాకు చాలా బాధ వేసింది. ఏం చేయాలో తోచక, ఫారం తొమ్మిది ఇంకో కాపీ తీసుకొస్తానన్నాను.

ఏడో మంగళవారం కొత్త బ్లాకులో కొత్త డాక్టరు కనిపించింది. పేరు సౌమ్య. నెక్కొండ నుంచి బదిలీ మీద వచ్చి రెండు రోజులైంది కాబట్టి రూల్స్ ఏవీ తెలియవు. చేతికి గ్లవ్స్ వేసుకుని తిన్నగా పూలమ్మ నోట్లో చెయ్యి పెట్టేసింది. కౌంటర్లోంచి కుమారస్వామి లేచి నిలబడ్డాడు.

"మేడం, షుగర్ కాగితం లేదు మేడం."

"షుగర్ డాక్టర్ ఎక్కడుంటారు?"

"పాత బ్లాక్ మేడం. ఓపీ శుక్రవారం."

"ఇప్పుడు ఎక్కడున్నారు?"

"ఇప్పుడు వార్డులనే ఉంటరు మేడం. కాని..."

"ఎంత దూరం?"

కుమారస్వామి నా వైపు చూశాడు. వరండా కొలతలు నాకు తెలుసు, అప్పట్లో ఉత్తర్వుతో పాటు ప్లాను జత చేశాను. నలభై అడుగులు అన్నాను.

ఆమె నడిచింది. అంతకు మించి ఏం జరిగిందో చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. నలభై అడుగులు నడిచి వెళ్లి, శ్యాంసుందర్‌ను వెంటబెట్టుకుని నలభై అడుగులు నడిచి వచ్చింది. ఇద్దరూ పూలమ్మ కుర్చీ పక్కన నిలబడి మాట్లాడుకున్నారు. షుగర్‌కు ఇన్సులిన్ ఇవాళే మొదలుపెడదామని ఆయన, చిగుళ్ల క్లీనింగ్ ఇవాళే మొదలుపెడతానని ఆమె అనుకున్నారు. మొత్తం ఆరు నిమిషాలు పట్టింది. అందులో రెండు నిమిషాలు క్యాంటీన్ చాయ్ గురించి.

"మీరు రోజూ ఆ క్యాంటీన్లోనే కూర్చుంటారట కదా సార్. పళ్ల డాక్టర్లూ అక్కడే కూర్చుంటారట. ఎన్నడూ అనుకోలేదా ఈ సంగతి?" అంది సౌమ్య.

"ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు శ్యాంసుందర్, నిజాయితీగానే.

తర్వాత ఆమె పూలమ్మతో మెల్లగా చెప్పింది. "మిగతా పళ్లు నిలబడతాయమ్మా. ఈ కుడి పన్ను కింద మాత్రం ఎముక పోయింది. షుగర్ దిగాక తీసేయాల్సిందే. ఒక ఏడు వారాలు ముందొచ్చి ఉంటే దీన్ని కూడా నిలబెట్టే ప్రయత్నం చేసేదాన్ని."

"ఏడు వారాల ముంగటనే వచ్చిన మేడం. గా కిటికీ దాక" అంది పూలమ్మ, కౌంటర్ వైపు చెయ్యి చూపించి.

కుమారస్వామి కంప్యూటర్ తెర తుడుచుకుంటూ ఉండిపోయాడు.

వారం తిరగకుండా డాక్టర్ సౌమ్యకు మెమో అందింది. విధి నిర్వహణ స్థలాన్ని వదిలి, ముందస్తు అనుమతి లేకుండా, రానూ పోనూ ఎనభై అడుగులు ఏ నిబంధన కింద నడిచారో మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వాలని. ఆమె ఒక్క లైను రాసిచ్చిందట: "కాళ్లతో నడిచాను." దాన్ని ఏ ఫైల్లో పెట్టాలో అడగడానికి కుమారస్వామి మా ఇంటికి వచ్చాడు. వరండాలో ఇకముందు నడక నిషేధం అని బోర్డు పెడితే ఎలా ఉంటుందని కూడా అడిగాడు. వద్దన్నాను. నాలుగేళ్ల విశ్రాంత జీవితంలో నేను చేసిన సంస్కరణ ఇదొక్కటే.

రెండు నెలల్లో పూలమ్మ షుగర్ నూట అరవైకి దిగింది. చిగుళ్ల నెత్తురు ఆగింది. కుడి దవడ పన్ను పోయింది. దాన్ని కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చుకుని, పిండి డబ్బా వెనకాల దాచింది. అంతకాలం నౌకరీ చేసిన దాన్ని ఊరికే పారేయలేనంది. ఫైలు మాత్రం దవాఖానలో సంతృప్తికరంగా మూసేశారు.

మొన్న ఆదివారం పూలమ్మ పళ్లెంలో నాలుగు సకినాలు పెట్టుకుని మా ఇంటికొచ్చింది. ఇంకా వేడి తగ్గలేదు. శోభారాణి రెండో కూతురి సీమంతానికి మళ్లీ ఆర్డరిచ్చిందట, ఒక్క డబ్బా, నమూనాకు. పూలమ్మ మొహంలో పెళ్లికూతురికి కూడా ఉండనంత బెరుకు.

"సారూ, నా ఎడమ పక్క ఇంకా పని నేర్చుకుంటాంది. దాన్ని నమ్ముకొని ఈ ఆర్డర్ పంపలేను. వినోద మంచిగున్నయంటాంది. జర మీరు గూడ కొరికి చెప్పుండ్రి. కుడి పక్క కొరుకుండ్రి, నేను వింట."

కుడి పక్క కొరికాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది. మొహం విప్పారింది. అదే చప్పుడు, పాత చప్పుడు. నాకూ ప్రాణం లేచొచ్చింది. కళ్లు తెరిచి, నా చేతిలో మిగిలిన సగం సకినం వైపు చూసింది. తెల్లటి అంచు ఎర్రగా ఉంది.

"గిదేంది సారూ?"

"ఏం లేదు. బ్రష్షు మంచిది కాదు."

"బ్రష్షు ఇప్పుడు నోట్ల ఉన్నదా?"

నేను సగం సకినాన్ని గుప్పిట్లో దాచాను.

"ఎన్నొద్దుల సంది?"

"రెండేళ్లు దాటింది."

"నా ఎంట ఏడు వారాలు గా దవాఖాన సుట్టు తిరిగితిరి. గా కుర్సీ పక్కనే నిలబడితిరి. నా నోరు నోరంత చూస్తిరి. ఒక్కనాడన్న మీ నోరు తెరవకపోతిరి గద సారూ!" అంది. కోపంగానే అంది. ఆ కోపంలో నా మీద అంత ప్రేమ ఉంటుందని నాకు తెలియదు. నాకు భయం వేసింది. నిజానికి ఆ రెండేళ్లుగా వేస్తున్నది కూడా భయమే. పళ్ల కుర్చీ అంటే భయం. దానికి బ్రష్షు కంపెనీల పేర్లు పెట్టుకున్నాను.

మంగళవారం ఏడింటికే ఆమె వెళ్లి లైన్లో నా పేరు మీద నిలబడింది. మెమో తర్వాత డాక్టరు సౌమ్య మీద పర్యవేక్షణ పెరిగింది కాబట్టి, ఫారం తొమ్మిది తప్పదన్నాడు కుమారస్వామి. నాకు కుర్చీ వేసి, కొత్త పెన్ను ఇచ్చాడు. ఇరవై ఒక్క గడులు నింపాను. అచ్చులో బాగా వచ్చాయి గడులు, సమంగా ఉన్నాయి.

పూలమ్మ చదువుకోలేదు. వేలితో కాగితం కింది భాగం చూపించింది.

"చివర్ల గిది ముందుగాలనే అచ్చేసి ఉన్నది. ఏమున్నది సారూ అండ్ల?"

చదివి వినిపించాను. "ఆలస్యానికి కారణం: రోగి నిర్లక్ష్యం."

ఆమె వేలు ఆ గడి మీదే ఉంది.

"నా కాయిదం మీద గూడ గిదే ఉండెనా?"

ఉండేదన్నాను. ఎవరు రాశారని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. కింద సంతకం పెట్టాను. పదకొండేళ్లలో ఆ గడి నిజం చెప్పడం అదే మొదటిసారి.